ఒక ఇంటికి ఒక జామీను

సామర్లకోట,
9 జూన్ 2024.

మిత్రుడు సాదుల్లాకు,

ఈ కవరులో నా పుస్తకంలోని మొదటి ఏడు అధ్యాయాలు ఉన్నాయి. పేరు ‘విచారణలో ఉన్న దేశం’. సంగారెడ్డి కోర్టు ఎదుట ఇన్నేళ్ళుగా అర్జీలు, అఫిడవిట్లు టైపు చేస్తున్నవాడివి కనుక ఈ పనికి నీకంటే అర్హుడు నాకు కనిపించలేదు. ఒక్క పదం కూడా మార్చవద్దు. నీకు తప్పని తోచినచోట అంచున పెన్సిలుతో గుర్తు పెట్టు, నేను పరిశీలిస్తాను.

ఫోను చేయలేదేమని అనుకోకు. నా ఫోను ఇంకా కోర్టు స్వాధీనంలోనే ఉంది. అక్క వెంకటరమణమ్మ ఫోనులో మాట్లాడితే వంటింట్లోంచి ఆవిడా, వరండాలోంచి బావా సమాధానాలు చెబుతారు. అప్పీలు తేలేవరకు పిలిస్తే తప్ప సంగారెడ్డి జిల్లాలో అడుగు పెట్టకూడదన్న షరతు ఉండనే ఉంది. కాబట్టి ఉత్తరాలే మనకు గతి. పగలంతా ఫ్యాక్టరీలో నిలబడి వచ్చి, పటాన్‌చెరు రాత్రి కళాశాలలో ఒకే బెంచీ మీద కూర్చుని బి.కాం. చదివిన మనకు కాగితం మీద మాట్లాడటం చిన్నతనం కాదు.

నా ఫైనాన్సు సంస్థ కూలిపోయింది. నన్ను దోషి అన్నారు. ఆ తీర్పు సంగతి పై కోర్టు చూస్తుంది. నేను రాస్తున్నది ఆ తీర్పు గురించి కాదు. తీర్పు రాకముందే మనుషులను ఏళ్ళ తరబడి లోపల ఉంచే పద్ధతి గురించి. హైదరాబాదులో ఒక ప్రచురణకర్త సంసిద్ధంగా ఉన్నారు. సంక్రాంతి లోపల ఆవిష్కరణ పెడతామన్నారు. కోర్టు అనుమతి తీసుకుని ఆ వేదిక మీద నేను మాట్లాడాలి.

నాకు జామీను ఉన్న ఇద్దరిలో నీవు ఒకడివి. నీ ఇంటి కాగితం కోర్టులో ఉండటం వల్లే నేనిక్కడ బయట గాలి పీలుస్తున్నాను. ఆ మాట కృతజ్ఞతల పేజీలో రాస్తాను.

నీ,
త్రినాథరావు


పటాన్‌చెరు,
2 జూలై 2024.

మిత్రుడు త్రినాథరావుకు సాదుల్లా సలాములు.

ఏడు అధ్యాయాలూ టైపు అయినవి. పదాలు మార్చలేదు. పెన్సిలు గుర్తులు మాత్రం నీవు ఊహించినదానికంటే ఎక్కువే ఉంటాయి.

ముందుగా ఒక విషయం స్పష్టం చేస్తాను. నీకు పడిన శిక్ష సరైనదనే నా అభిప్రాయం. నీ సంస్థను నమ్మి దెబ్బతిన్నవాళ్ళు ఇప్పటికీ నా దుకాణం ముందు నుంచే కోర్టు మెట్లు ఎక్కుతున్నారు. కొందరికి అర్జీ నేనే టైపు చేశాను. నేను జామీను ఉన్నది నీవు నిర్దోషివని కాదు. పిలిచినప్పుడు వస్తావని. జామీను అంటే అంతే. కనుక నా పేరు కృతజ్ఞతల పేజీలో వద్దు.

రెండవ అధ్యాయంలో నిన్ను ‘ఈ వ్యవస్థ బలిగొన్న మేధావి’ అని రాసుకున్నావు. ఆ వాక్యం పక్కన పెద్ద గుర్తు పెట్టాను. మా ఆవిడ ఆమ్నా అది చూసి, “మీ దోస్తు మారలే. జైలుకు పోయినా ప్రొప్రైటరే” అన్నది.

ఏడవ అధ్యాయం మాత్రం వేరు. నీవు విచారణ ఖైదీగా ఉన్నప్పుడు పక్కన పడుకున్న జుబేర్ కథ. కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీ డ్రమ్ముల యార్డులో మంటలు లేచి ఒక మనిషి చనిపోతే, సూపర్‌వైజరు ముందస్తు బెయిలు తెచ్చుకుంటాడు. ఆ రోజు షిఫ్టులో ఉన్న హెల్పరు జుబేర్ లోపలికి వెళతాడు. కొన్ని నెలలకు అతనికీ బెయిలు వస్తుంది. కానీ ఇద్దరు జామీనుదారులు కావాలి, ఇద్దరికీ జిల్లాలో ఇల్లో పొలమో ఉండాలి. ఒకరు దొరికారు, రెండవవారు దొరకలేదు. బెయిలు ఉత్తర్వు మడిచి దిండు కింద పెట్టుకుని నిద్రపోయే మనిషిని నీవు చూపించిన తీరు చదివి నేను కాసేపు టైపు ఆపవలసి వచ్చింది. నీవు ఇంత బాగా రాయగలవని నాకు తెలియదు.

ఆమ్నా నా వెనుక నిలబడి తెర మీద అంతా చదివింది. చదివి, “మరి గాయన బయటకొచ్చిండా?” అని అడిగింది.

నాకు తెలియదన్నాను. నీకు తెలుసా?

సాదుల్లా


సామర్లకోట,
21 జూలై 2024.

మిత్రుడు సాదుల్లాకు,

నీ పెన్సిలు గుర్తులన్నీ చూశాను. ‘మేధావి’ని తొలగిస్తున్నాను. ‘ఈ వ్యవస్థ బలిగొన్న విద్యావంతుడు’ అని ఉంచు. రాత్రి కళాశాల పట్టా కూడా పట్టానే. దానిని చిన్నబుచ్చే హక్కు మీ ఆవిడకు సైతం లేదని సవినయంగా తెలియజేయి.

ఎనిమిది నుంచి పన్నెండు అధ్యాయాలు పంపుతున్నాను. పదవ అధ్యాయంలో వాయిదాల మీద నా విమర్శ జాగ్రత్తగా చదువు. వ్యాన్ లేదని ఒక వాయిదా, ఎస్కార్టు లేదని ఇంకొకటి, సాక్షి రాలేదని మరొకటి. ఖైదీ తప్ప అందరూ సెలవు తీసుకోగలిగిన ఏకైక కార్యాలయం అది అని రాశాను. ప్రచురణకర్త గారికి ఆ వాక్యం ఎంతో నచ్చింది. అట్ట మీద వేస్తామన్నారు. ఏడవ అధ్యాయాన్ని ముందుగా ఒక వారపత్రికకు ఇద్దామని కూడా అన్నారు.

బావ తన స్నేహితులకు నన్ను ‘రచయిత’ అని పరిచయం చేయడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ‘మా బావమరిది, ఒంట్లో బాగోక వచ్చాడు’ అని చెప్పేవాడు.

జుబేర్ ఈపాటికి వచ్చే ఉంటాడు. ఎవరో ఒకరు దొరకకపోరు. ఏమైనా పుస్తకంలో అతడు ఒక వ్యక్తి కాదు, ఒక ఉదాహరణ. ఆ దృష్టితోనే చదవాలి.

నీ,
త్రినాథరావు


పటాన్‌చెరు,
18 ఆగస్టు 2024.

త్రినాథా,

అతడు రాలేదు.

నీ ఉత్తరం అందాక వచ్చిన ఆదివారమే కాజీపల్లి వెళ్ళాను. ఫ్యాక్టరీ వెనుక వరుస గదుల్లో వాకబు చేస్తే జుబేర్ భార్య తస్లీమ్ ఉండే గది చూపించారు. ఆమె సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు ప్యాకింగు చేసే యూనిట్లో పని చేస్తుంది. తలుపు తెరిచి, నన్ను కోర్టు మనిషి అనుకుని, కూర్చోమనకుండానే “మళ్ళ ఏం కాగితం తెచ్చిన్రు?” అన్నది. విషయం చెప్పాను. ఎవరో తన భర్త గురించి పుస్తకం రాశారంటే నమ్మలేదు. నా వద్ద ఏడవ అధ్యాయం ప్రతి ఉన్నది. చదివి వినిపించమన్నది.

చదివాను. ‘నా చేతులు పని చేయడానికి పుట్టాయి, సంకెళ్ళు మోయడానికి కాదు’ అని జుబేర్ అన్నట్లు నీవు రాసినచోట ఆమె నవ్వింది.

“మా ఆయన గిట్ల మాట్లాడడు సాబ్. గిన్ని పెద్ద మాటలు ఆయనకెక్కడియి? జైల్ల నేర్పిస్తున్నరా ఏంది?”

తరువాత ‘ఈ లోకంలో అతనికి ఎవరూ లేరు’ అన్న వాక్యం వచ్చింది. అక్కడ చదవడం ఆపమన్నది.

“ఎవరూ లేరని రాసిండా? మరి నేనెవరు? డ్యూటీ ఇడిసిపెట్టి జైలుకు ములాఖత్‌కు పోయేదెవరు? మా తమ్ముడు ఈ జిల్లాలనే ఉన్న జాగ కాగితం పెట్టి ఒక జామీను ఉండె. ఇంకొక్కటి దొర్కుతలేదు, గంతే. లేరనుడు వేరు, దొర్కకపోవుడు వేరు.”

ఆమె ప్రశ్న నీకే పంపుతున్నాను. సమాధానం ఉంటే రాయి.

రెండవ జామీను కోసం ఆమె అడగని వారు లేరు. గది యజమాని ఇల్లు కొడుకుల పేరు మీద ఉన్నది. పర్మనెంటు కార్మికులు యాజమాన్యానికి భయపడ్డారు. కోర్టు ఆవరణలో తిరిగే కిరాయి జామీనుల కాగితాలు దొంగవని ఆమెకు తెలుసు. వాటిని పెడితే ఇంకొక కేసు.

ఒకే ఇంటి మీద రెండవ జామీను ఒప్పుకుంటారేమో అడుగుదామని, మరునాడు నా ఇంటి పన్ను రశీదు తీసుకుని నేనే కోర్టుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా రాజశేఖర్ నాకు పరిచయస్తుడే. రిజిస్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. “సాదుల్లా భాయ్, మీ ఇల్లు ఇప్పటికే ఒకాయన కోసం నిలబడ్డది. ఈ కోర్టుల ఒక్క ఇల్లు ఇద్దర్ని మొయ్యదు.”

ఇంటికి వచ్చి ఆమ్నాకు చెప్పాను. “ఇల్లు మనది, ఉండేది మనం. కాగితం మాత్రం మీ దోస్తుకు కిరాయికిచ్చినట్లున్నది” అన్నది. ఆమె నవ్వుతూ అనలేదు.

జామీనుదారుడు ఎప్పుడైనా తప్పుకుంటానని అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడు కోర్టు నిన్ను పిలిచి వేరొకరిని చూపమంటుంది. చూపలేకపోతే నీవు లోపలికి వెళ్ళవలసి ఉంటుంది. ఇదంతా నీకు తెలుసు, నీ పుస్తకంలోనే ఉన్నది. నేను ఆ అర్జీ పెట్టదలిచాను. నీకు చెప్పకుండా పెట్టడం మర్యాద కాదు కనుక రాస్తున్నాను. దసరా సెలవులు ముగిసి కోర్టు తెరిచేవరకు ఆగుతాను. ఆలోపు వేరొక జామీనుదారుని వెతుక్కో. దొరికితే అందరికీ మంచిది.

సాదుల్లా


సామర్లకోట,
8 సెప్టెంబర్ 2024.

సాదుల్లా గారికి,

మీ ఉత్తరం అందింది. మర్యాద గురించి మీరు రాసిన వాక్యం పలుమార్లు చదివాను.

ఒక మనిషిని బయటకు తేవడానికి ఇంకొక మనిషిని లోపలికి పంపడం ఏ న్యాయమో నాకు బోధపడలేదు. అదీ ఎప్పుడు? ఆవిష్కరణకు నాలుగు నెలల ముందు. ఈ పుస్తకం వెలువడితే జుబేర్ వంటివారు వేయిమంది గురించి ఈ రాష్ట్రం మాట్లాడుకుంటుంది. న్యాయమూర్తులు చదువుతారు, శాసనసభలో ఎవరైనా ప్రస్తావిస్తారు. నేను లోపల ఉంటే ‘జైలు పక్షి ఏదో గిలికాడు’ అని పక్కన పెడతారు. వేయిమందికి పనికివచ్చేదాన్ని ఒక్కడి కోసం ఆపుతారా? మీరు లెక్కలు చదువుకున్నవారే.

వేరొక జామీనుదారుని వెతుక్కోమన్నారు. వెతికాను. సంగారెడ్డిలో నాకు బంధువులు లేరు. స్నేహితులు నా పేరు వింటే వీధి దాటుతున్నారు. పరువు చంపుకుని బావను అడిగాను. కోర్టు ఒప్పుకుంటే ఆయన సామర్లకోట ఇల్లు చూపవచ్చునేమోనని ఆశ. ఆయన ఏమన్నాడో యథాతథంగా రాస్తున్నాను.

“నువ్వు పారిపోతావని కాదయ్యా త్రినాథా. పారిపోవని నాకూ తెలుసు. కానీ నా ఇంటి కాగితం ఎక్కడో కోర్టులో ఉందంటే నాకు అన్నం సయించదు. భోజనం పెట్టమన్నావా, ఉన్నన్నాళ్ళూ పెడతాను. సంతకం మాత్రం అడక్కు.”

కనుక మీరు అర్జీ పెడితే నాకు దారి ఒక్కటే. అది తెలిసి పెట్టండి. నా వ్రాతప్రతి, టైపు చేసినదీ చేయనిదీ, వెంటనే తిప్పి పంపండి. ఇక మీరు శ్రమపడవద్దు.

ఇట్లు,
ఎం. త్రినాథరావు, బి.కాం.


పటాన్‌చెరు,
16 సెప్టెంబర్ 2024.

త్రినాథా,

నీవు ‘గారు’ అన్నా నేను ‘గారు’ అనను.

వ్రాతప్రతి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. పన్నెండు అధ్యాయాలూ పూర్తిగా టైపు చేసే పంపుతున్నాను. ఒప్పుకున్న పనిని సగంలో వదిలే అలవాటు నాకు లేదు.

నీవు వేయిమంది అన్నావు. వేయిమంది నా దుకాణానికి రాలేదు. తస్లీమ్ వచ్చింది. మొన్న మళ్ళీ వచ్చింది. నీ సంగతి దాచకుండా చెప్పాను. నా ఇల్లు ఎవరి కోసం నిలబడి ఉన్నదో, అది తప్పుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాను. ఆమె బెంచీ మీద కూర్చున్నది.

“ఆ సారును లోపలికి తోలి మా ఆయన్ను తెచ్చుకునుడు నా నోటితోని నేను అడగ సాబ్” అన్నది. “మీరు పెడితే మాత్రం వద్దనను. గంత మంచిదాన్ని కాను.”

ఇంత నిజం చెప్పే మనిషిని నేను కోర్టు ఆవరణలో అరుదుగా చూశాను.

నీ పుస్తకంలో ఉన్నదంతా నిజమని నేను నమ్ముతున్నాను. నమ్మాను కనుకనే ఇది చేస్తున్నాను. నమ్మకపోతే టైపు చేసి ఊరుకునేవాడిని. నీకు విధించిన శిక్ష నీవు అనుభవించవలసినదే, ఈ సంవత్సరం కాకపోతే మరుసటి సంవత్సరం. అతనికి శిక్షే పడలేదు.

గడువు మారదు.

సాదుల్లా


సామర్లకోట,
6 అక్టోబర్ 2024.

సాదుల్లాకు,

మూడు వారాలు నీకు రాయకూడదని పట్టుబట్టి కూర్చున్నాను. నీవు టైపు చేసిన పేజీలు మాత్రం చదివాను. చదవకుండా ఉండలేకపోయాను.

మొన్న అక్క బెండకాయలు తరుగుతూ ఏడవ అధ్యాయం చదివి వినిపించమంది. కళ్ళజోడు పగిలి ఉంది, లేకపోతే తనే చదివేది. విన్నాక అడిగింది.

“బాగుందిరా. చివరికి ఆ జుబేరేవయ్యాడు?”

“లోపలే ఉన్నాడు.”

“అది నువ్వు రాయలేదేం?”

“అధ్యాయం అక్కడితో అయిపోయింది అక్కా.”

“అయిపోయిందా, నువ్వు ఆపేశావా?”

నేను లేచి వెళ్ళిపోయాను. ఆమె తన పని తాను చేసుకుంది. ఆ ప్రశ్న మాత్రం నాతోపాటు పెరట్లోకి వచ్చింది, స్టేషను రోడ్డు దాకా వచ్చింది. నాకు బెయిలు దొరికిన రోజు అతడే నా సంచీ గేటు దాకా మోశాడు. ఆ సంగతి నేను పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఆ పేజీ నిండా అతని దైన్యమే కావలసి వచ్చింది.

నీ అర్జీ కోసం నేను ఆగను. సమన్లు అందుకుని వచ్చేవాడు వేరు, తనంతట వచ్చేవాడు వేరు. ఈ పట్టుదల నీకు అహంకారంగా కనిపిస్తే కనిపించనీ. సెలవులు ముగిసి కోర్టు తెరిచిన రోజు ఉదయం నేనే వచ్చి నిలబడతాను. లాయరుకు చెప్పాను. ఆయన ఇది పిచ్చి పని అని లిఖితపూర్వకంగా తెలియజేశారు. నీ అర్జీ, లొంగిపోతానన్న నా అర్జీ ఒకేసారి పిలిపిద్దాం.

ప్రచురణకర్తకు రాశాను. నేను లేకుండా ఆవిష్కరణ వద్దనుకుంటున్నారు. అనుకోనీ. ‘ఈ లోకంలో అతనికి ఎవరూ లేరు’ అన్న వాక్యం కొట్టివేశాను. ఆ స్థానంలో ఏమి రాయాలో ఇంకా తెలియదు.

నా మీద వచ్చిన తీర్పు తప్పని ఇప్పటికీ అంటాను. ఆ విషయంలో నీతో రాజీ లేదు.

నీ,
త్రినాథరావు


పటాన్‌చెరు,
10 నవంబర్ 2024.

త్రినాథా,

ఇది జైలు కార్యాలయంలో చదివిన తరువాతే నీ చేతికి వస్తుందని తెలుసు. అందువల్ల అవసరమైనవే రాస్తున్నాను.

ఆ రోజు కోర్టులో నిన్ను పేరు పెట్టి పిలిచినప్పుడు నీవు కొత్త చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డావు. పట్టా పుచ్చుకున్న రోజున కూడా అలాగే నిలబడ్డావు.  నేను నీ చేయి పట్టుకున్నాను. నీవు విడిపించుకుని “వరుస తప్పుతుంది” అన్నావు.

జుబేర్ కోసం నా కాగితాలు మరునాడే పెట్టాను. ఇల్లు చూడటానికి వచ్చినవారు గోడలు కొలిచి, ఇరుగుపొరుగును అడిగి వెళ్ళారు. పక్కింటాయన బయట నిలబడి, “ఏం భాయ్, ఇల్లు అమ్ముతున్నవా?” అన్నాడు. ఆమ్నా లోపలి నుంచి, “లేదు, మళ్ళీ నిలబెడుతున్నం” అని జవాబిచ్చింది. మళ్ళీ అలాంటి కాగితం మీద సంతకం చేసే ముందు తనను అడగాలని నాతో ఒట్టు వేయించుకున్నది. ఆమె అన్నది న్యాయమే. నీ విషయంలో నేను అడగలేదు.

జామీను స్వీకరించినట్లు శుక్రవారం ఉత్తర్వు అయింది. విడుదల కాగితం సోమవారం అక్కడికి చేరాలి. చేరకపోతే నాకు వెంటనే కబురు చేయి. నేను కోర్టులోనే ఉంటాను, కదలను.

సాదుల్లా


సంగారెడ్డి, జైలు నుంచి,
14 నవంబర్ 2024.

సాదుల్లా,

కాగితం చేరింది. మంగళవారం సాయంత్రం చేరింది.

నన్ను కేంద్ర కారాగారానికి మార్చేవరకు ఇక్కడే ఉంచుతామన్నారు. భోజనాల వరుసలో జుబేర్‌ను మొదటిరోజే చూశాను. నేనెందుకు తిరిగి వచ్చానో అతనికి అప్పుడు చెప్పలేదు. పని జరగకపోతే అతనికి ఇంకొక ఆశ పెట్టినవాడినవుతానని భయం. “మళ్ళా వచ్చిన్రా సార్? అప్పీలు పాయెనా?” అన్నాడు. అవునన్నట్లు తల ఊపాను. తన దుప్పటి ఒకటి తెచ్చి ఇచ్చాడు.

మంగళవారం పేర్లు పిలిచినప్పుడు అతడు కదలలేదు. ఇన్నాళ్ళుగా ఎవరెవరి పేర్లో వింటూ తన పేరు వినడం మానేశాడు. నేను భుజం తట్టి, “నిన్నే” అన్నాను. పళ్ళెం కడిగి పెట్టి వస్తానన్నాడు. నేను కడుగుతాను, నువ్వు వెళ్ళు అన్నాను. వినలేదు, కడిగే వెళ్ళాడు.

సామాను సర్దుతుండగా అడిగాడు. “జామీను ఎవరుండిన్రు సార్?”

“నా స్నేహితుడు, సాదుల్లా.”

అతడు ఆలోచించాడు. కోర్టు సంగతులు అతనికి నాకంటే తక్కువ తెలియవు. “ఆయన మీకుండె గదా. ఒక్కల్లకే గదా ఉండేది?”

“ఒక్కరికే.”

అతడు చేతిలోని సంచీ కింద పెట్టాడు.  ఏదో పెద్ద మాట అంటాడేమోనని నేను ఎదురు చూశాను. అతడు అనలేదు. “దుప్పటి మీ దగ్గరే ఉంచుకోన్రి. చలికాలమొస్తున్నది” అని వెళ్ళిపోయాడు. తస్లీమ్ చెప్పింది నిజమే. అతడు నేను రాసినట్లు మాట్లాడడు.

గేటు బయట ఏమి జరిగిందో నాకు తెలియదు. నీకు తెలిసినా ఇప్పుడే రాయవద్దు. అది వాళ్ళది.

పని చెబుతాను. నా పక్కన వెంకట సాయి అనే వ్యక్తి ఉన్నాడు. అమీన్‌పూర్ అపార్టుమెంట్లలో వాచ్‌మన్‌గా పని చేసేవాడు. వేసవిలో బెయిలు వచ్చింది. ఉత్తర్వు చూశాను, నిజమైనదే. తల్లి రాజవ్వ అపార్టుమెంటు సెల్లారులోనే ఉంటుంది. జామీనుదారులు ఇద్దరూ ఇంకా దొరకాలి. అతని గురించి నేను ఏమీ రాయడం లేదు. కేసు నంబరు ఈ ఉత్తరం వెనుక వేశాను, షరతులు తగ్గించమని ఒక పేజీ అర్జీ కూడా జతపరిచాను. సాదాగా రాశాను. టైపు చేయి, లాయరుకు చూపించు. వెళ్ళి ఆమెను కలువు.

అర్జీ తేలేలోగా పటాన్‌చెరులో ఎవరి ఇల్లు జామీనుకు ఖాళీగా ఉందో కనుక్కో. ఇంట్లో ఆడవాళ్ళను ముందుగా అడగమని చెప్పు.

త్రినాథరావు